కవివాక్కు, పాత్రవాక్కు: ‘ది సెటానిక్ వర్సెస్’ వివాదమున ఒక సాహిత్య ప్రశ్న

సల్మాన్ రష్దీ రచించిన ‘ది సెటానిక్ వర్సెస్’ అను ఆంగ్ల నవల 1988వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన లండనులో వెలువడినది. నాటినుండి దానిని గూర్చి వచ్చిన రచనలలో అధికభాగము రెండు పక్షములుగా చీలియున్నది. ముసల్మానులకు సహనము లేదని ఒక పక్షమువారు, పాశ్చాత్యులకు పవిత్రమైనదేదియు లేదని వేఱొక పక్షమువారు వాదించుచు వచ్చిరి. ఈ రెండు మాటలును ఎంత విశాలములో అంత పలుచనివి. వానివలన నవలయు తెలియదు, వివాదమును తెలియదు. సాహిత్యశాస్త్రము చదువుకొన్నవాడు ఇచట అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. నవలలోని ఒక పాత్రకు కల వచ్చినది. ఆ కలలోని మఱియొక పాత్ర ఒక దూషణవాక్యమును పలికినది. ఆ వాక్యము ఎవరిది? ఉభయపక్షములవారును ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పిరనియు, అందువలననే ఒకరి మాట ఒకరికి వినబడలేదనియు నా అభిప్రాయము.

మన ఆలంకారికులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అర్థశక్తిమూలధ్వనిని విభజించుచు ఆనందవర్ధనుడు కవి తానుగా పలికిన ప్రౌఢోక్తిని, కవిచే కల్పింపబడిన వక్త పలికిన ప్రౌఢోక్తిని వేఱువేఱుగా చూపెను. మమ్మటుడు ‘కావ్యప్రకాశము’న స్వతస్సంభవి, కవిప్రౌఢోక్తిసిద్ధము, కవినిబద్ధవక్తృప్రౌఢోక్తిసిద్ధము అని మూడు తెగలను స్థిరపఱచెను. అనగా కవి చెప్పిన మాట వేఱు, కవి నిలిపిన మనిషి చెప్పిన మాట వేఱు. జగన్నాథ పండితరాయలు ‘రసగంగాధరము’న ఈ మూడవ తెగను అంగీకరింపలేదు. కవినిబద్ధుడైన వక్తయు కవిప్రతిభలోనివాడే. వానిని వేఱుగా లెక్కించినచో వానిచే కల్పింపబడిన వక్తను, ఆ వక్తచే కల్పింపబడిన వేఱొక వక్తను కూడ లెక్కింపవలసివచ్చును, ఆ లెక్కకు అంతుండదు అని ఆయన ఆక్షేపణ సారము. వారి చర్చ చమత్కారమును గూర్చినదే కాని నేరమును గూర్చినది కాదు. దానిని న్యాయస్థానమునకు ఈడ్చుట నా ఉద్దేశము కాదు. ఐనను 1989లో లండనునందును, బ్రాడ్‌ఫర్డునందును, టెహరానునందును జరిగిన వాదములను విన్నచో, మమ్మటుని మతమువారొక ప్రక్కను, పండితరాయల మతమువారొక ప్రక్కను నిలిచి, ఒకరినొకరెఱుగకయే వాదించుకొనుచున్నట్లు తోచును. షాజహాను ఆదరమును పొందిన ఆ తెలుగు పండితుని ఆక్షేపణ ఇట్టి విషయమున పనికివచ్చుట కొంత విచిత్రమే.

నవలాకథను కొంత చెప్పక తప్పదు. బొంబాయినుండి లండనునకు పోవు ఎయిరిండియా విమానము ఉగ్రవాదుల చేతిలో ఇంగ్లీషు ఛానలుపై ప్రేలిపోవును. ఇరువురు మాత్రము బ్రతికి ఇంగ్లండు తీరమునకు చేరుదురు. సలాదీన్ చమ్చా ఇంగ్లండులో ప్రకటనలకు, కార్యక్రమములకు గొంతు అరువిచ్చి బ్రదుకువాడు. జిబ్రీల్ ఫరిశ్తా ముసల్మాను కుటుంబమున పుట్టి, చలనచిత్రములలో హిందూదేవతల వేషములు ధరించి ప్రజల ఆరాధనమును పొందిన నటుడు. ఈ పాత్రకు అమితాబ్ బచ్చన్‌తోపాటు నందమూరి తారక రామారావును కొంత ఒరవడి యని విమర్శకులు గుర్తించియున్నారు. 1957లో ‘మాయాబజార్’ చూచిన తరమువారికి వేషమునకును వేషధారికిని నడుమనున్న గీత ఎట్లు చెఱగునో వివరింపనక్కఱలేదు. అది చెఱగిన పిమ్మట ఏమి జరుగునో 1983 ఎన్నికలలో తెలుగునాడు చూచినది. ఫరిశ్తా విషయమున ఆ గీత వాని మనస్సులోనే చెఱగును. తాను జిబ్రీల్ దేవదూతనే యను భ్రాంతి వానికి కలుగును. కలలు వరుసగా వచ్చును. ఆ కలలలో ‘జాహిలియా’ అను ఇసుకనగరము, అందు ‘మహౌండ్’ అను ప్రవక్త, బాల్ అను వ్యంగ్యకవి, ప్రవక్త వాక్యములను వ్రాయు లేఖకుడు కనబడుదురు. దేవదూతగా కలలో నిలిచిన ఫరిశ్తాకు తాను ఏమి పలుకవలెనో తెలియదు. ప్రవక్తయే తన నోటినుండి మాటను లాగుకొనుచున్నట్లు వానికి తోచును.

ఇరువురు కథానాయకులును పరుల మాటలను పలుకుటయే వృత్తిగా కలవారని గమనింపవలెను. ‘పలికినదెవరు’ అను సందేహము ఈ నవలకు అంటించిన వాదము కాదు, దాని లోపలి వస్తువే. సలాదీన్ చమ్చా కథ కూడ దీనినే వేఱొక విధమున చెప్పును. ఇంగ్లండు పోలీసులు వానిని దొంగచాటుగా దేశమున ప్రవేశించినవానిగా ఎంచి కొట్టుదురు. వానికి కొమ్ములు, గిట్టలు మొలచును. వైద్యశాలలో మృగరూపములు పొందిన వలసవారు మఱికొందఱు కనబడుదురు. పాలకజాతి తమను ఎట్లు వర్ణించినదో తామట్లే మాఱితిమని వారి గోడు. నవలలో అధికభాగము ఈ వలస జీవితమే. తెల్లవారు నల్లవారిని ఎట్లు పేర్లు పెట్టి అవమానించిరో చెప్పుటకు వ్రాయబడిన గ్రంథము, ఆ అవమానమును పడిన వారిలోనే పలువురకు క్రొత్త అవమానముగా వినబడుట ఈ వివాదమున అన్నిటికంటె దుఃఖకరమైన విషయము. దీనిని పాశ్చాత్య సమర్థకులు తగినంతగా గుర్తింపలేదు.

ఇక మమ్మటుని పక్షము. ఆ ఘట్టములన్నియు ఉన్మాదియైన ఒక నటుని కలలనియు, వానిలోని నింద రచయితది కాదనియు నవలను సమర్థించినవారు చెప్పిరి. రచయితయు చెప్పెను. 1990 డిసెంబరులో ఆయన ఒక ప్రకటనపై సంతకము చేసి, తాను ఇస్లామును అంగీకరించితిననియు, నవలలో ప్రవక్తను నిందించు పాత్రల వాక్యములతో తాను ఏకీభవింపననియు తెలిపెను. కవినిబద్ధవక్తృవాదమునకు ఇంతకంటె స్పష్టమైన ఆధునికోదాహరణము దొరకదు. ఆ ప్రకటనవలన మరణాదేశము తొలగలేదు. దానిపై సంతకము చేయుట తన పెద్ద పొరపాటని ఆయన తరువాత ఒప్పుకొనెను.

ఈ సమర్థన ఎంతవఱకు నిలుచును? కొంతవఱకే. క్షేమేంద్రుడు ఔచిత్యస్థానములను పేర్కొనుచు నామమును కూడ ఒక స్థానముగా ఎన్నెను. ఈ నవలలోని చిక్కంతయు నామములలోనే కలదు. ‘మహౌండ్’ అనునది మధ్యయుగపు ఐరోపా క్రైస్తవులు ప్రవక్త ముహమ్మదును నిందించుటకు వాడిన పేరు. ఆనాటి నాటకములలో అది పిశాచసమానము. నింద కొఱకు పెట్టిన పేరునే బలముగా ధరింపవలెనని నవల తానే కారణము చెప్పుచున్నది. యుక్తి మంచిదే. కాని ఆ నిందను పడినవారు దానిని తామై ధరించుట వేఱు, వారి కొఱకు వేఱొకడు ధరించుట వేఱు. ఆ పేరు కలలోనిదైనను, దాని వెనుకనున్న కొన్ని శతాబ్దముల ద్వేషము కలలోనిది కాదు. జాహిలియాలోని వేశ్యాగృహమున పండ్రెండుగురు స్త్రీలు ప్రవక్త భార్యల పేర్లను ధరించుట రెండవది. పవిత్రనామమును సయితము అంగడి వస్తువుగా మార్చు నగరమును చూపుట రచయిత ఉద్దేశమని ఆ ప్రకరణమును పూర్తిగా చదివినవారికి తెలియును. ఆ స్త్రీలు ప్రవక్త భార్యలు కారు, పేర్లను అరువు తెచ్చుకొన్నవారు. ఐనను కోట్లమంది విశ్వాసులు తల్లులుగా తలచు స్త్రీల పేర్లవి. వానిని వాడకయే ఆ భావమును సాధింపగల శక్తి ఈ రచయితకు కలదు. ఈ ఘట్టమున నామౌచిత్యము చెడినదనియే నా తీర్పు.

మూడవది మఱింత సూక్ష్మము. ప్రవక్త చెప్పిన వాక్యములలో తన మాటలను చొప్పించి, అవి పట్టుబడకపోవుటచే విశ్వాసము కోల్పోయిన లేఖకునకు నవలలో ‘సల్మాన్’ అని పేరు. ప్రవక్త అనుచరులలో సల్మాన్ అల్ ఫారిసీ అను పూజ్యుడు కలడు. లేఖనమున మాటలు మార్చితినని చెప్పుకొని మతము విడిచినవాడుగా సంప్రదాయము పేర్కొనువాడు అబ్దుల్లా ఇబ్న్ సఆద్. మక్కా విజయకాలమున ఉస్మాను మధ్యవర్తిత్వమున వానికి క్షమాభిక్ష లభించినదని చరిత్రకారులు చెప్పుదురు. ఒకని కథను, వేఱొకని పేరును కలిపి రచయిత ఈ పాత్రను నిర్మించెను. ఆ పేరు ఆయన సొంత పేరు కూడ. పవిత్రవాక్యమును దిద్దు లేఖకునకు తన పేరే పెట్టిన రచయిత, ఈ మాటలు నావి కావని చెప్పినచో పండితరాయలు చిఱునవ్వు నవ్వెడివాడు. కల లోపలి పాత్రకు లోపల మరల కవియే ఎదురగుచున్నాడు. దీనిని నేను దోషముగా చెప్పుట లేదు. నవలలో ఇంతకంటె నిజాయితీ కల ఘట్టము లేదు. నవలలోని ప్రవక్త ఆ లేఖకుని ప్రాణముతో విడిచిపెట్టి, వ్యంగ్యకవియైన బాలునకు మరణదండన విధించుట చదివినప్పుడు, రాబోవు దానిని రచయిత కొంత ఊహించెనా యనిపించును.

గ్రంథనామమును గూర్చి తెలుగు అనువాదకులు తప్పక ఆలోచింపవలెను. మక్కాలోని మూడు దేవతామూర్తులను ప్రశంసించు వాక్యములు సైతాను ప్రేరణచే ఒకప్పుడు ప్రవక్త నోట వెలువడి, తరువాత తొలగింపబడినవని చెప్పు కథ తబరీ, ఇబ్న్ సఆద్ వంటి ప్రాచీన ముసల్మాను రచయితల గ్రంథములలో కలదు. అరబ్బీలో దానికి ‘గరానీఖుల కథ’ అని వ్యవహారము. ‘సెటానిక్ వర్సెస్’ అనునది ఆంగ్ల రచయితల వాడుక. ఆంగ్లమున ‘వర్సు’ అనగా పద్యపాదము కావచ్చును, గ్రంథవాక్యము కావచ్చును. అరబ్బీలోనికి దీనిని మార్చినప్పుడు ‘ఆయాత్’ అను శబ్దము వాడబడెను. ఆ శబ్దమునకు సంకేతమను అర్థము కలదు కాని, గ్రంథసంబంధమున అది ఖురాను వాక్యములకే రూఢము. కావున శీర్షిక వినిన అరబ్బీ పాఠకునకు, ఖురాను వాక్యములే సైతానువని ఈ గ్రంథము చెప్పుచున్నట్లు తోచెను. నవల తెఱవకముందే అపార్థము అట్టమీద సిద్ధముగా నున్నది. ఇంకొక విషయము. షహాబ్ అహ్మద్ అను విద్వాంసుడు 2017లో వెలువడిన ‘బిఫోర్ ఆర్థడాక్సీ’ యను గ్రంథమున, ఇస్లాము మొదటి రెండు శతాబ్దములలో ఈ కథ ముసల్మాను పండితులచే విరివిగా అంగీకరింపబడినదని ఆధారపరంపరలను విడివిడిగా పరిశీలించి నిరూపించెను. తరువాతివారు ప్రవక్త దోషరహితుడను సిద్ధాంతము బలపడిన కొలది దానిని నిరాకరించిరి. అనగా సందేహము బయటినుండి వచ్చినది కాదు. సంప్రదాయమే దానిని భద్రపఱచి, సంప్రదాయమే దానిని త్రోసిపుచ్చినది.

పాశ్చాత్యుల వాక్స్వాతంత్ర్యము ఎట్టిదో ఇప్పుడు చూతము. బ్రిటనులోని ముసల్మానులు 1989 జనవరి 14న బ్రాడ్‌ఫర్డులో నవలప్రతిని కాల్చిరి. ఆ దృశ్యము అందఱకు గుర్తున్నది. వారు న్యాయస్థానమునకు కూడ వెళ్ళిరన్న సంగతి అంతగా గుర్తులేదు. ఇంగ్లండులో దైవదూషణము అప్పటికి నేరమే. 1977లో ఒక పత్రికాసంపాదకుడు క్రీస్తును గూర్చిన జేమ్స్ కర్కప్ కవితను ప్రకటించినందులకు ఆ నేరము క్రింద శిక్షింపబడెను. ఆ కవితను పలుకువాడు కవి కాదు, ఒక రోమను సైనికాధికారి; శుద్ధమైన కవినిబద్ధవక్త. ఆ భేదము సంపాదకుని రక్షింపలేదు. దూషించు ఉద్దేశము నిరూపింపనక్కఱలేదని, ప్రకటించు ఉద్దేశము చాలునని 1979లో ప్రభువులసభ నిర్ణయించెను. 1990లో ముసల్మానులు ఇదే న్యాయము తమకును వర్తింపవలెనని కోరగా, ఆ చట్టము క్రైస్తవమును మాత్రమే రక్షించునని ఉన్నతన్యాయస్థానము చెప్పెను. ఇంగ్లండు, వేల్సులలో ఆ నేరము 2008లో గాని రద్దు కాలేదు. కావున 1989లో స్వేచ్ఛను బోధించిన ఇంగ్లండు తన మతము విషయమున ఆ స్వేచ్ఛను ఇంకను పూర్తిగా ఇవ్వలేదు.

ఇందు మన దేశమునకు సంబంధించిన గాథ యొకటి కలదు. లాహోరులో 1924లో ప్రవక్తను అవహేళన చేయుచు ‘రంగీలా రసూల్’ అను పుస్తకము వెలువడినది. ప్రకాశకుడు రాజపాలును శిక్షించుటకు తగిన చట్టము లేదని 1927లో లాహోరు ఉన్నతన్యాయస్థానము విడుదల చేసెను. ఆ ఏడే బ్రిటిషు ప్రభుత్వము శిక్షాస్మృతిలో 295ఏ నిబంధనను చేర్చెను. రాజపాలు 1929లో హత్యచేయబడెను. ఆ నిబంధన ఒక మతమునకు కాక అన్ని మతములకును వర్తించును; బుద్ధిపూర్వకమును ద్వేషపూరితమునగు ఉద్దేశమును నిరూపింపవలెనని కూడ అడుగును. తన ఇంట ఒక్క మతమునే కాపాడిన ప్రభుత్వము పరాయి దేశమున అన్నిటిని కాపాడ పూనుకొనెను. భారతదేశమున అది 2024నుండి న్యాయసంహిత 299వ నిబంధనగా కొనసాగుచున్నది. పాకిస్తానులో అది నిలిచి, 1980ల సవరణలచే భయంకరమైన రూపము ధరించెను. బ్రాడ్‌ఫర్డులోని ముసల్మానులలో పలువురు ఆ దేశమునుండి వచ్చినవారు, వారి సంతానము. మతనిందను ప్రభుత్వము ఆపవలెనను భావమును వారు ఇస్లామునుండియే తెచ్చిరనుట సగము సత్యము. తక్కిన సగము లండనులోనే తయారైనది. ఈ అంశమును పరిశోధకులు ఇంకను విస్తరింపవచ్చును.

ఇంతవఱకు చెప్పినది సమానమైన వాదమువలె కనబడవచ్చును. కాని ఒక వైపున చట్టము, వ్యాసము, ఊరేగింపు ఉండగా, వేఱొక వైపున కత్తి వచ్చి నిలిచినప్పుడు సమానత్వము లేదు. 1989 ఫిబ్రవరి 14న ఆయతుల్లా ఖుమైనీ ప్రకటించిన ఆదేశము రచయితకే కాక, గ్రంథమున ఏమున్నదో తెలిసి దానిని ప్రకటించినవారికిని మరణము విధించినది. ఆ దెబ్బ అనువాదకులపై పడినది. హితోషి ఇగరాషి జపానులోని త్సుకుబా విశ్వవిద్యాలయమున ఇస్లాము సంస్కృతిని బోధించిన అధ్యాపకుడు. ఇబ్న్ సీనా వైద్యగ్రంథమును జపానుభాషలోనికి తెచ్చినవాడు. ఈ నవలను అనువదించినందులకు ఆయన 1991 జులైలో విశ్వవిద్యాలయ భవనముననే పొడిచి చంపబడెను. హంతకుడు దొరకలేదు. ఇటాలియను అనువాదకుడు ఎత్తోరె కప్రియోలో అదే నెలలో కత్తిపోట్లకు గుఱియై బ్రతికెను. నార్వే ప్రకాశకుడు విలియం నైగార్డు 1993లో తుపాకిగుండ్లు తగిలి బ్రతికెను. తుర్కీలో నవలాభాగములను ప్రకటింపించిన అజీజ్ నెసిన్ బసచేసిన సివాస్ నగరపు హోటలుకు 1993 జులై 2న నిప్పుపెట్టగా ముప్పదిమందికి పైగా కవులు, గాయకులు, తదితరులు మరణించిరి, నెసిన్ బయటపడెను. అనువాదకుడు స్వయముగా పలుకువాడు కాడు; ఇతరుని వాక్కునకు తన భాషలో గొంతు ఇచ్చువాడు. వక్తృభేదమును నిరాకరించు వాదము చివరకు ఎచటికి చేరునో ఇగరాషి మరణమున చూడనగును. పండితరాయల లెక్క గ్రంథములో అంతు లేనిదైనట్లే, ఈ లెక్క గ్రంథము వెలుపల అంతు లేనిదైనది.

చంపినవారు ముసల్మానులు, చచ్చినవారు పాశ్చాత్యులు అను చిత్రము కూడ సరికాదు. సివాసులో మరణించినవారిలో అధికులు అలెవీలు. ఆదేశమును సమర్థింపని బ్రస్సెల్సు ఇమాము అబ్దుల్లా అల్ అహ్దల్ 1989 మార్చిలో కాల్చి చంపబడెను. 1959లో ‘అల్ అహ్రామ్’ పత్రికలో ధారావాహికముగా వచ్చిన నజీబ్ మహఫూజ్ నవల ప్రవక్తల కథలను కైరో వీధి మనుష్యుల కథలుగా చెప్పినది. ఈజిప్టులో అది గ్రంథరూపమున చిరకాలము వెలువడలేదు. రష్దీపై ఆదేశమును ఖండించిన ఆ వృద్ధుని మెడలో 1994లో ఒక యువకుడు కత్తి దింపెను. తరువాత ఆయన కుడిచేయి వ్రాతకు సరిగా లొంగలేదు. 1993లో ఫ్రాన్సునందు సుమారు నూఱుగురు అరబ్బు, ముసల్మాను రచయితలు రష్దీకి మద్దతుగా ఒక సంపుటమును వెలువరించిరి. అదే సమయమున ఆంగ్ల రచయితలైన రోఆల్డ్ డాల్, జాన్ లె కారే రష్దీనే తప్పుపట్టిరి. గీత మతముల నడుమ లేదు.

డెన్మార్కులో ‘యూలండ్స్ పోస్టెన్’ పత్రిక 2005 సెప్టెంబరు 30న ప్రకటించిన 12 వ్యంగ్యచిత్రములను, పారిస్‌లో 2015 జనవరి 7న 12 మంది హత్యకు గుఱియైన ‘షార్లీ ఎబ్దో’ ఉదంతమును ఈ నవలతో ఒకే గాట కట్టుట పరిపాటియైనది. శాస్త్రదృష్టితో అది తగదు. వ్యంగ్యచిత్రమున కవినిబద్ధవక్త లేడు, చిత్రించినవాడే పలుకువాడు. దాని రక్షణకు వేఱు వాదము కావలెను, నవల వాదము చాలదు. డెన్మార్కు కూడ 2017లో దైవదూషణ నిబంధనను రద్దుచేసి, 2023లో మతగ్రంథములను బహిరంగముగా అవమానించుటను నిషేధించు చట్టమును తెచ్చినదని మాత్రము చెప్పి విడుచుచున్నాను.

చదువుట, చదువకపోవుట అను విషయము మిగిలినది. భారతప్రభుత్వము 1988 అక్టోబరులో ఈ గ్రంథపు దిగుమతిని నిషేధించినది. నిషేధమును కోరిన పార్లమెంటు సభ్యుడు సయ్యద్ షహాబుద్దీన్ తాను గ్రంథమును చదువలేదని, చదువనక్కఱలేదని పత్రికాముఖముననే వ్రాసెను. ఆ నిషేధపు ఉత్తర్వు ప్రతిని చూపుమని 2019లో ఒక పాఠకుడు ఢిల్లీ ఉన్నతన్యాయస్థానమున వ్యాజ్యము వేయగా ఏ కార్యాలయమును దానిని చూపలేకపోయినది. అట్టి ఉత్తర్వు లేదనియే భావింపవలసియున్నదని 2024 నవంబరులో న్యాయస్థానము చెప్పెను. ముప్పదియాఱేండ్లు ఒక దేశము, చదువనివారి కోరికపై, కనబడని కాగితమునకు లోబడి ఒక గ్రంథమును దూరముంచినది. 2022 ఆగస్టు 12న న్యూయార్కు రాష్ట్రములోని షటాక్వాలో ఉపన్యాసవేదికపై రష్దీని పొడిచినవానికి అప్పటికి 24 ఏండ్లు. నవల వెలువడిన తరువాత పుట్టినవాడు. రచయితకు ఒక కంటిచూపు పోయినది. 2025లో వానికి 25 ఏండ్ల కారాగారశిక్ష విధింపబడెను. నిర్బంధమున నుండగా ఒక పత్రికవారు అడిగినప్పుడు, ఆ నవలలో తాను రెండు పుటల వంటిది చదివితినని వాడు చెప్పెను.